పడ్డందుకు పాడైందా, పాడైనందుకు పడ్డారా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. నాన్నగారికి 69 ఏళ్లు. గుండె పై గదుల నుంచి కింది గదులకు సంకేతం అసలు అందని పూర్తి హార్ట్ బ్లాక్ కారణంగా మూడేళ్ల క్రితం రెండు లీడ్ల (గుండె లోపలికి వెళ్లే సన్నని తీగల) పేస్‌మేకర్ పెట్టారు. నాలుగు రోజుల క్రితం స్నానాల గదిలో పడ్డారు. ఎడమ భుజం, ఛాతీ పైభాగం తలుపు అంచుకు గట్టిగా తగిలాయి. పేస్‌మేకర్ ఉన్న చోట అరచేయంత మేర కమిలింది. బీపీ మెషిన్‌లో నాడి ఒకసారి 62, మరోసారి 52 కనబడుతోంది. నిన్నటి నుంచి అక్కడ కండ అప్పుడప్పుడూ అదురుతోందని ఆయన అంటున్నారు. దగ్గరలోని డాక్టరు ఈసీజీ తీసి బాగానే ఉందన్నారు. మామూలు చెకప్‌కు ఇంకా రెండు నెలలు ఉంది కాబట్టి అప్పటిదాకా ఆగవచ్చా అని అడిగారు.

ఆగకండి. పేస్‌మేకర్‌ను ప్రోగ్రామర్‌తో, అంటే బయటి నుంచే దాని లోపలి సమాచారం చదివే యంత్రంతో, పరీక్షించే వీలున్న ఆసుపత్రికి ఈరోజే తీసుకువెళ్లండి. క్లినిక్ వేళ దాటిపోతే అత్యవసర విభాగానికే వెళ్లండి. ఈలోగా స్పృహ తప్పినా, కళ్లు బైర్లు కమ్మి కూలబడినా, ఛాతీలో నొప్పి గానీ ఆయాసం గానీ మొదలైనా అంబులెన్స్ పిలవండి. బండి మీద మీ వెనుక కూర్చోబెట్టుకుని బయలుదేరవద్దు. మిగతాదంతా దారిలోనో, అక్కడ వంతు కోసం కూర్చున్నప్పుడో చదువుకోవచ్చు.

నేను డాక్టర్ని కాను. పేస్‌మేకర్ క్లినిక్‌లో టెక్నీషియన్‌గా 22 ఏళ్లు పనిచేశాను. దెబ్బ తగిలిందంటూ వచ్చిన వాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో ఎక్కువమంది పేస్‌మేకర్లు చెక్కుచెదరలేదు, ఆ మాట ముందే చెబుతున్నాను. మీ విషయంలో తొందరపెట్టడానికి కారణం దెబ్బ ఒక్కటే కాదు. హార్ట్ బ్లాక్, నాడి 52, కండ అదరడం, ఈ మూడూ కలిసి వచ్చాయి.

ఇప్పుడు మీరు అడగని ప్రశ్న ఒకటి. ఆయన ఎలా పడ్డారు?

"జారి పడ్డారు" అని రాశారు. ఎవరైనా చూశారా? నేల తడిగా ఉంది, మనిషి కింద ఉన్నారు, కాబట్టి జారి ఉంటారని మనమే లెక్క వేసుకుంటాం. చాలాసార్లు పడ్డవాళ్లు కూడా అలాగే అనుకుంటారు. నేను అందరినీ అడిగే మాట ఒకటే: "కాలు జారడం గుర్తుందా, నేల మీద ఉండటం గుర్తుందా?" కాలు జారిన మనిషికి మధ్యలో ఆ క్షణం గుర్తుంటుంది. గోడ పట్టుకోబోవడం, చెయ్యి అడ్డం పెట్టడం, బకెట్ దొర్లడం ఇలా ఏదో ఒకటి చెబుతారు. స్పృహ తప్పి పడ్డ మనిషికి ఆ మధ్య భాగం ఉండదు. నిలబడి ఉన్నారు, తర్వాత కింద ఉన్నారు, అంతే.

ఒకసారి 70 దాటిన ఒక అమ్మగారు మణికట్టుకు పిండికట్టుతో వచ్చారు. వంటింట్లో పడి మూడు వారాలైంది. ఎముకల డాక్టరు చివరి చూపులో "ఎందుకైనా మంచిది, పేస్‌మేకర్ కూడా ఒకసారి చూపించుకోండి" అన్నారట. కాలు జారిందనే ఆవిడా చెప్పారు. గుర్తుందా అని అడిగితే కాసేపు ఆలోచించి, "గ్లాసు చేతిలో ఉంది, ఆ తర్వాత చెంపకు నేల చల్లగా తగిలింది" అన్నారు. పేస్‌మేకర్ జ్ఞాపకంలో వెతికితే ఆ రోజు, దాదాపు ఆ వేళకే, కింది గది లీడ్ నుంచి అడ్డదిడ్డమైన సంకేతాలు నమోదై ఉన్నాయి. లీడ్ లోపలి తీగ చిట్లడం మొదలైంది. చిట్లిన చోట పుట్టే ఆ గలగలను పేస్‌మేకర్ గుండె చప్పుడనుకుంది. గుండె తానే కొట్టుకుంటోంది కదా అని తన పని ఆపేసింది. కొన్ని సెకన్లు చాలు, మనిషి పడిపోవడానికి. మూడు వారాలు చేతికి వైద్యం జరిగింది, అసలు కారణంతో ఆవిడ ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు.

అందుకే దెబ్బ తర్వాత పేస్‌మేకర్‌ను చూడటమంటే దానికేమైనా అయిందా అని చూడటం ఒక్కటే కాదు, పడటానికి ముందు అది ఏం చేస్తోందో కూడా చూడాలి. మీ నాన్నగారు పడిన తేదీ, సుమారు వేళ ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. నాలుగు రోజులే అయింది కాబట్టి ఇప్పుడైతే సరిగ్గా గుర్తుంటుంది. యంత్రం లోపలి గడియారం సరిగ్గా ఉందా లేదా అన్నది మేము ముందు సరిచూసుకుంటాం. అది తేడాగా ఉంటే నమోదులూ తేడాగానే ఉంటాయి.

ఒక హెచ్చరిక. నమోదుల్లో ఏమీ కనబడకపోతే పేస్‌మేకర్‌ది తప్పు లేదని తేలిపోయినట్టు కాదు. పేస్‌మేకర్ తాను పంపిన సంకేతాన్ని లెక్క రాసుకుంటుంది. ఆ సంకేతానికి గుండె కండరం స్పందించిందా లేదా అన్నది అన్ని పేస్‌మేకర్లూ ప్రతిసారీ సరిచూసుకోవు. ఉత్తరం డబ్బాలో వేశానని రాసుకోవడం వేరు, అవతలివాళ్లకు అందిందని తెలియడం వేరు.

ఇక దెబ్బ సంగతి. జనం భయమంతా ఛాతీ చర్మం కింద ఉండే పేస్‌మేకర్ డబ్బీ గురించే. లోపల ఏదో పగిలి ఉంటుందని, బ్యాటరీ కారుతుందని అనుకుంటారు. ఆ డబ్బీ టైటానియంతో చేసి, గాలి చొరబడకుండా మూసి ఉంటుంది. లోపల లిథియం బ్యాటరీ, చిన్న సర్క్యూట్ ఉంటాయి. తలుపు అంచు దెబ్బకు అది పగలడం చాలా అరుదు. 1958లో స్వీడన్‌లో ఆర్నె లార్సన్ అనే ఆయనకు ప్రపంచంలో మొదటిసారి ఒంట్లో పూర్తిగా అమర్చిన పేస్‌మేకర్ కొన్ని గంటలకే ఆగిపోయింది. ఆయనే ఆ తర్వాత ఇరవైకి పైగా పేస్‌మేకర్లు మార్చుకుంటూ 2001 దాకా బతికారు. అప్పటి యంత్రానికీ, మీ నాన్నగారి ఛాతీలో ఉన్నదానికీ పేరు ఒక్కటే పోలిక.

బలహీనత అంతా లీడ్‌ది. డబ్బీ నుంచి బయలుదేరి, కాలర్‌బోన్ కింద రక్తనాళంలోకి దూరి, గుండె లోపలికి వెళ్లే సన్నని తీగ అది. దాదాపు అర మీటరు పొడవు ఉంటుంది. లోపల స్ప్రింగులా చుట్టిన లోహపు తీగలు, పైన సిలికోన్ లేదా పాలియురెథేన్ తొడుగు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ అది వంగుతుంది. అంటే రోజుకు సుమారు లక్షసార్లు. దానికి తోడు చెయ్యి కదిలినప్పుడల్లా కాలర్‌బోన్‌కూ మొదటి పక్కటెముకకూ మధ్యనున్న ఇరుకులో నలుగుతుంది. ఏళ్ల తరబడి అక్కడ నలిగి అప్పటికే నీరసించిన తీగకు ఒక్క దెబ్బ చాలు. కాలర్‌బోన్ విరిగితే విరిగిన ఎముక అంచే తీగను కోయవచ్చు. భుజం దెబ్బ అనగానే నేను ముందు ఆ ఎముక గురించే అడుగుతాను. మీ నాన్నగారు ఎడమ చెయ్యి ఎత్తగలుగుతున్నారా? ఆ ఎముక మీద వేలితో తాకితే ఒక చోట ప్రత్యేకంగా నొప్పి ఉందా? ఉంటే పేస్‌మేకర్ వాళ్లకే కాదు, ఎముకల డాక్టరుకు కూడా చెప్పండి.

లీడ్ కొస గుండె గోడ నుంచి ఊడిపోవడం అన్నది ఎక్కువగా పెట్టిన మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో జరిగేది. ఆ తర్వాత కొస చుట్టూ కండ పట్టేస్తుంది. మూడేళ్లయింది కాబట్టి ఆ అవకాశం తక్కువ. స్టీరింగ్ ఛాతీకి బలంగా గుద్దుకున్న ప్రమాదాల్లో గుండె కండరమే కమిలి, మునుపటి బలంతో సంకేతం పంపినా స్పందించకపోవచ్చు. మీది ఆ స్థాయి దెబ్బలా లేదు. లీడ్లు అసలే లేని, గుండె లోపలే ఉండే గొట్టం మాత్ర లాంటి పేస్‌మేకర్లూ ఇప్పుడు వచ్చాయి. వాటికి ఈ తీగ గొడవ ఉండదు, కానీ మీరు రాసింది ఆ రకం కాదు.

కండ అదరడం గురించి కొంచెం వివరంగా చెబుతాను. నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే. కమిలిన కండ దానంతట అది అదరవచ్చు, నిజమే. కానీ పేస్‌మేకర్ పక్కనే, నాడితో లయ కలిసినట్టు టిక్ టిక్‌మని అదురుతుంటే కరెంటు వెళ్లకూడని చోటికి వెళుతోందని అనుమానించాలి. తొడుగు చీలితే ఆ చీలిక గుండా కరెంటు కారి ఛాతీ కండను తాకుతుంది. ఇంకో దారి కూడా ఉంది. కొన్ని పేస్‌మేకర్లు లీడ్‌లోని రెండు తీగల్లో ఒకటి తెగినట్టు పసిగడితే ఆ తీగను వదిలేసి, తమ లోహపు డబ్బీనే రెండో కొసగా వాడుకునే పద్ధతికి వాటంతట అవే మారిపోతాయి. ప్రాణం కాపాడటానికి పెట్టిన తెలివైన ఏర్పాటు అది. అలా మారినప్పుడు డబ్బీని ఆనుకున్న కండ ప్రతి సంకేతానికీ అదరవచ్చు. అంటే ఆ అదురు యంత్రం మీకు పంపుతున్న కబురు కావచ్చు. ఆయన మణికట్టు దగ్గర నాడి పట్టుకుని, రెండో చెయ్యి అదురుతున్న చోట మెల్లగా ఆనించి, రెండూ కలుస్తున్నాయేమో చూడండి. కలిసినా కలవకపోయినా ప్రయాణం మానవద్దు. మీరు చూసింది అక్కడ చెబితే మాత్రం వెతికేవాళ్లకు దారి దొరుకుతుంది. ఆగకుండా ఎక్కిళ్లు వస్తుంటే అదీ చెప్పండి. లీడ్ కొస చోటు మారి ఉదరవితానాన్ని (ఛాతీకీ పొట్టకూ మధ్యనున్న ఊపిరి కండరాన్ని) కదిలిస్తున్నప్పుడు అలా వస్తాయి.

52 సంగతి అంత సూటిగా లేదు. పేస్‌మేకర్‌కు ఒక కనిష్ఠ వేగం పెడతారు. చాలామందికి అది నిమిషానికి 60. రాత్రిళ్లు ఇంకా తగ్గేలా కూడా పెట్టవచ్చు. నాన్నగారికి ఎంత పెట్టారో మీ దగ్గరున్న పాత చెకప్ కాగితంలో ఉంటుంది, చూడండి. 50 అని ఉంటే 52 గురించి గాభరా అక్కర్లేదు. 60 అని ఉంటే రెండు వివరణలున్నాయి. ఒకటి, గుండె మధ్యమధ్యలో తొందరపడి ఒక అదనపు చప్పుడు చేస్తోంది. అలాంటి చప్పుడులో రక్తం సరిగ్గా నిండదు కాబట్టి అది మణికట్టు దాకా రాదు, బీపీ మెషిన్ దాన్ని లెక్కపెట్టదు. పేస్‌మేకర్ సవ్యంగానే ఉంటుంది, అంకె మాత్రం తగ్గి కనబడుతుంది. ఇది చాలా మామూలు. క్లినిక్‌కు పరిగెత్తుకొచ్చిన "తక్కువ నాడి" మనుషుల్లో ఎంతోమందికి తేలింది ఇదే. రెండోది, పేస్‌మేకర్ సంకేతాలు కొన్ని నిజంగానే అందడం లేదు. ఈ రెంటినీ ఇంట్లో కూర్చుని విడదీయలేం, నేనూ ఇక్కడి నుంచి విడదీయలేను. మీరు చేయగలిగింది ఒక్కటే. మెషిన్ పక్కన పెట్టి, వేళ్లతో పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయవద్దు. మధ్యలో ఖాళీలు వస్తే ఎన్ని వచ్చాయో రాసుకోండి.

ఈసీజీ బాగుందన్న మాటను నేను కొట్టిపారేయడం లేదు. ఆ డాక్టరు చూసింది బాగానే ఉండి ఉంటుంది. అయితే మామూలు ఈసీజీ పట్టుకునేది సుమారు పది సెకన్లు. రోజుకు 86,400 సెకన్లు. పైగా మనిషి వెల్లకిలా పడుకుని, చేతులు కదపకుండా ఉన్నప్పటి పది సెకన్లు అవి.

దీనికి సంబంధించి ఒక మనిషి ఎప్పుడూ గుర్తొస్తాడు. సైకిల్ మీద నుంచి భుజం మీదుగా పడ్డాడు. రెండు ఈసీజీలు బాగున్నాయి, ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. ప్రోగ్రామర్ పెట్టి చూస్తే అంకెలూ బాగున్నాయి. సరే, పంపించేద్దామనుకుంటూ అలవాటు ప్రకారం "ఎడమ చేత్తో కుడి భుజాన్ని తాకండి" అన్నాను. తాకాడు. ఏమీ లేదు. "ఇంకాస్త వెనక్కు, వీపు గోక్కుంటున్నట్టు" అన్నాను. తెర మీద అప్పటిదాకా శుభ్రంగా నడుస్తున్న గీత ఒక్కసారిగా గొంగళిపురుగులా బొచ్చు లేచింది. కింద పేస్‌మేకర్ సంకేతపు గుర్తులు ఆగిపోయాయి. అతని కళ్లు తేలిపోతుండగా చెయ్యి పట్టి కిందికి దించేశాను, గుర్తులు మళ్లీ మొదలయ్యాయి. మొత్తం రెండు మూడు సెకన్లు. అతను తేరుకుని, చొక్కా వేసుకునేటప్పుడు రోజూ ఇలాగే అవుతోందని, నీరసమనుకున్నానని చెప్పాడు. తీగ పూర్తిగా తెగలేదు. ఒక భంగిమలో కొసలు విడిపోతున్నాయి, చెయ్యి దించితే మళ్లీ అతుక్కుంటున్నాయి. ఇలాంటిది నిశ్చలంగా పడుకున్న మనిషిలో ఎప్పటికీ దొరకదు.

కాబట్టి అక్కడ పరీక్ష చేస్తున్నప్పుడు చెయ్యి అన్ని వైపులా కదిపించి, డబ్బీ ఉన్న చోట మెల్లగా నొక్కి కూడా చూడమని మీరే అడగండి. అడిగితే ఎవరూ తప్పుపట్టరు. అయితే కాలర్‌బోన్ విరగలేదని ఎక్స్‌రేలో తేలిన తర్వాతే చెయ్యి తిప్పించాలి. ఇంట్లో మీరు ఈ ప్రయోగం చేయవద్దు. మీ నాన్నగారిది పూర్తి హార్ట్ బ్లాక్, పేస్‌మేకర్ ఆగితే ఆదుకునేంత సొంత లయ ఆయన గుండెకు ఉందో లేదో మనకు తెలియదు. అయస్కాంతం పెట్టి చూడమని ఎవరైనా సలహా ఇస్తే అదీ వద్దు. అయస్కాంతం పెడితే పేస్‌మేకర్ గుండె చప్పుడును పట్టించుకోకుండా ఒకే వేగంతో సంకేతాలు పంపుతుంది. అది ఆసుపత్రిలో, తెర ఎదురుగా చేయవలసిన పని.

ప్రోగ్రామర్ పరీక్షలో మూడు అంకెల మీద కన్ను వేయండి. ఇంపీడెన్స్, అంటే లీడ్‌లో కరెంటుకు ఎదురయ్యే నిరోధం. సాధారణంగా 300 నుంచి 1000 ఓంల మధ్య ఉంటుంది. తీగ తెగితే 2000 దాటి పైకి ఎగబాకుతుంది, తొడుగు చీలితే 200 కిందికి జారుతుంది. లీడ్ రకాన్ని బట్టి ఈ హద్దులు మారతాయి కాబట్టి ఒంటరి అంకె కన్నా పాతదానితో పోలిక ముఖ్యం. మూడేళ్లుగా 520, 510, 530 అని నడిచిన లీడ్ ఇప్పుడు 900 చూపిస్తే, హద్దుల్లోనే ఉంది కదా అని ఊరుకోకూడదు. రెండోది థ్రెషోల్డ్, గుండెను కదిలించడానికి కావలసిన కనీస వోల్టేజి. పెట్టిన కొత్తలో బాగా కుదిరిన లీడ్‌కు ఒక వోల్టు లోపే ఉంటుంది. మామూలుగా దానికి రెట్టింపు పంపేలా పెడతారు. దెబ్బ తర్వాత ఇది పెరిగితే ఆ రెట్టింపు వెసులుబాటు కరిగిపోతుంది. మూడోది, గుండె సొంత చప్పుడు లీడ్‌కు ఎంత గట్టిగా వినబడుతోందన్నది. పూర్తి హార్ట్ బ్లాక్ ఉన్నవాళ్లలో కింది గది సొంత చప్పుడు అసలు లేకపోతే ఆ గడి ఖాళీగా ఉంటుంది, దానికి కంగారు పడకండి.

ఛాతీ ఎక్స్‌రే ఎదురు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీయించండి. పేస్‌మేకర్ పెట్టిన మర్నాడు తీసిన పాత ఎక్స్‌రే ఇంట్లో ఉంటే వెతికి పట్టుకెళ్లండి. లీడ్ వంపు మారిందా, డబ్బీ తిరగబడిందా అన్నది పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. పేస్‌మేకర్ సమాచారాన్ని ఇంటి నుంచే క్లినిక్‌కు పంపే రిమోట్ మానిటర్ ఉంటే బయలుదేరే ముందే దాంతో సమాచారం పంపండి. అయితే అది ఎక్స్‌రే తీయదు, చెయ్యి తిప్పించదు.

పేస్‌మేకర్ గొడవలో పడి అందరూ మరిచిపోయేది ఇంకొకటి ఉంది. నాన్నగారు రక్తం పలుచబరిచే మందులు ఏమైనా వాడుతున్నారా? పేస్‌మేకర్ ఉన్న చాలామందికి గుండె లయ తప్పే జబ్బు కూడా ఉండి ఆ మందులు నడుస్తుంటాయి. వాడుతూ ఉంటే, పడినప్పుడు తలకు కొద్దిగా తగిలినా తలకు సీటీ స్కాన్ అవసరమేమో డాక్టర్ని అడగండి. మెదడు చుట్టూ రక్తం మెల్లగా చేరేవాళ్లు రోజుల తరబడి మామూలుగానే కనబడతారు. తలనొప్పి, మత్తు, మాట తడబాటు, నడక తేడా, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పేస్‌మేకర్ కన్నా ముందు అదే చూడాలి. మీకు మీరుగా ఆ మందు ఆపవద్దు. ఒంటి నొప్పికని దుకాణంలో దొరికే వాపు తగ్గించే మాత్రలూ వేయవద్దు, వాటితో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

కమిలిన చోటు గురించి. రంగు ఊదా నుంచి ఆకుపచ్చకు, పసుపుకు మారుతూ తగ్గుతుంటే మంచిదే. గట్టిగా, ఉబ్బుగా, చర్మం మెరిసేంత బిగువుగా తయారైతే డబ్బీ ఉన్న సంచిలో రక్తం చేరిందన్నమాట. అప్పుడు కొందరు చిన్న డాక్టర్లు మంచి ఉద్దేశంతోనే సూది పెట్టి లాగేద్దామంటారు. ఒప్పుకోకండి. ఆ సూదితో పాటు క్రిమి లోపలికి వెళితే మొత్తం పేస్‌మేకర్, లీడ్లతో సహా తీసేయవలసి రావచ్చు. లీడ్ ఎక్కడుందో చూడకుండా గుచ్చితే తొడుగుకూ ముప్పే. తైలం మర్దనా, వేడి కాపడం కూడా ఆ చోట వద్దు. వారాల తర్వాత ఎర్రబడినా, వేడిగా ఉన్నా, చర్మం పలుచబడినా, తడి కారినా యాంటీబయాటిక్ మాత్రలతో సర్దుకుంటుందేమోనని చూడకుండా పేస్‌మేకర్ పెట్టిన డాక్టరు దగ్గరికే వెళ్లండి.

నొప్పి ఉన్న చోటును పదేపదే తడిమే అలవాటు మనుషులకు సహజం. పేస్‌మేకర్ డబ్బీని అలా తిప్పీ తిప్పీ లీడ్లను తాడులా మెలివేసుకున్న వాళ్లున్నారు. దానికి ట్విడ్లర్ సిండ్రోమ్ అని 1968లోనే పేరు పెట్టారు. నాన్నగారి చెయ్యి మాటిమాటికీ అక్కడికి వెళుతుంటే మెల్లగా గుర్తుచేయండి. దీనికి వ్యతిరేకమైన తప్పు కూడా చూశాను. భయంతో చెయ్యి వారాల తరబడి ఒంటికి అంటిపెట్టుకుని ఉంచితే భుజం బిగుసుకుపోతుంది. ఎముక విరగలేదని, లీడ్లు బాగున్నాయని తేలితే చెయ్యి మామూలుగా వాడనివ్వండి. కారులో సీటు బెల్టు కూడా మానవద్దు, నొప్పిగా ఉంటే బెల్టు కింద మడిచిన తువ్వాలు పెట్టుకోమనండి.

నిజం చెప్పాలంటే దెబ్బ కన్నా దెబ్బకు చేసే వైద్యం పేస్‌మేకర్‌ను ఎక్కువ ఇబ్బంది పెట్టిన సందర్భాలు నాకు తెలుసు. భుజానికి ఎంఆర్ఐ రాస్తే పేస్‌మేకర్ కార్డు చూపించకుండా గదిలోకి వెళ్లవద్దు. డబ్బీ, లీడ్లు రెండూ ఎంఆర్ఐకి తగినవై ఉండాలి, ముందూ తర్వాతా ప్రోగ్రామింగ్ మార్చాలి. లీడ్ తెగిందన్న అనుమానం ఉన్నప్పుడు ఆ నిర్ణయం పూర్తిగా వేరు. ఎక్స్‌రే, సీటీ, అల్ట్రాసౌండ్ స్కాన్‌లతో సాధారణంగా చిక్కు లేదు. ఎముకకు ఆపరేషన్ అంటే రక్తం ఆపడానికి వాడే కరెంటు పరికరం గురించి ముందే పేస్‌మేకర్ వాళ్లతో మాట్లాడించండి. ఆ కరెంటును పేస్‌మేకర్ గుండె చప్పుడనుకుని ఆగిపోవచ్చు. ఫిజియోథెరపీలో డయాథెర్మీ అనే లోతు వేడి చికిత్స ఒంట్లో ఏ భాగానికీ చేయించవద్దు. నొప్పికి చర్మం మీద అతికించే కరెంటు ప్యాడ్లు కూడా కార్డియాలజిస్టును అడగకుండా వద్దు.

లీడ్ నిజంగానే పాడైతే ఏం చేస్తారన్న భయం మీకు ఉండే ఉంటుంది. తెగిన లీడ్‌ను అతికించరు. సాధారణంగా అదే వైపు రక్తనాళం గుండా కొత్తది వేస్తారు. పాతదాన్ని మూత పెట్టి అక్కడే వదిలేయడమా, బయటకు తీయడమా అన్నది డాక్టరు ఆలోచించి చెబుతారు. మూడేళ్ల లీడ్ తీయడం పదిహేనేళ్ల లీడ్ తీయడమంత కష్టం కాదు. ఈలోపు ఆయన సొంత లయ నమ్మదగ్గది కాకపోతే తాత్కాలిక పేస్‌మేకర్‌తో ఆసుపత్రిలోనే ఉంచుతారు. తొడుగు చిన్నగా చీలినప్పుడు సెట్టింగులు మార్చి కొంతకాలం నెట్టుకురావడం కూడా ఉంది, పూర్తిగా పేస్‌మేకర్ మీదే ఆధారపడినవాళ్లలో దానికి నేను మొగ్గు చూపను.

అక్కడికి వెళ్లగానే "చెకప్‌కు వచ్చాం" అనకండి, వరుసలో చివర కూర్చోబెడతారు. "పూర్తి హార్ట్ బ్లాక్‌కు పేస్‌మేకర్ ఉంది, పడి ఛాతీకి దెబ్బ తగిలింది, ఆ తర్వాత నాడి తగ్గుతోంది, పేస్‌మేకర్ దగ్గర కండ అదురుతోంది" అని ఇదే వరుసలో చెప్పండి. పేస్‌మేకర్ కార్డు, మందుల చీటీ, పాత చెకప్ కాగితాలు చేతిలో ఉంచుకోండి.

అన్నీ బాగున్నాయని చెప్పి పంపించినా, మూడు నాలుగు వారాల తర్వాత మరోసారి రమ్మంటారా అని అడిగి తేదీ వేయించుకోండి. నలిగిన తీగ మొదటి రోజే బయటపడాలని లేదు. పరీక్ష అయ్యాక వచ్చే ప్రింటు కాగితం కూడా అడిగి తీసుకోండి, మళ్లీ వెళ్లిన రోజు వచ్చే కాగితాన్ని దీని పక్కన పెట్టి చూడాలి.